నేనూ నేనూ

జనవరి 1

పొద్దున లేచేసరికి వాకిలంతా గుమ్మడికాయ వాసన. మిర్లాండ్ ఏటా ఇంతే. కొత్త సంవత్సరం మొదటి రోజున హైతీ వాళ్ళు గుమ్మడికాయ సూప్ తాగి తీరాలట. దొరల కాలంలో వాళ్ళ వాళ్ళకి ఆ సూప్ వండడమే గాని తాగే రాత లేదట. బానిసత్వం వదిలించుకున్న రోజున మొదట తాగింది అదేనట. మా జమైకాకీ ఉన్నాయి స్వాతంత్ర్య దినాలు. మేమెవరమూ ఇలా గిన్నె నెత్తిన పెట్టుకుని ఊరేగడం లేదు.

ఎల్కానా రెండు గిన్నెలు తాగాడు. ఈ మధ్య అతను ఏదీ సరిగా తిన్నది లేదు. "నల్లవాళ్ళు గెలిచిన మొదటి దేశం రుచి ఇది. తాగు చెల్లీ" అన్నాడు. ఉప్పు తక్కువైందన్నాను.

"మన జడల వాళ్ళ ఇంట్లో నలభై ఏళ్ళుగా ఉప్పే లేదు గదే. ఇయ్యాలే గుర్తొచ్చిందా నీకు?" అన్నాడు లాసెల్స్. మైకు ముందు నలభై ఏళ్ళుగా నాతోపాటు ఎల్కానాకు వంత పాడిన మనిషి. నన్ను వేళాకోళం చెయ్యడంలో మాత్రం వంతకు ఆగడు, తనే అందుకుంటాడు. జడలు పెంచే మా మతంలో వంటకి ఉప్పు వెయ్యం.

సూప్ బాగానే ఉంది. ఆ మాట మిర్లాండ్‌తో అనలేదు.

జనవరి 9

డొమినికా దీవి నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. అక్కడ ఎవరో ఎల్కానా పాట విని, అందరం కలిసి బతికే ఈ వాకిలి సంగతి విని, విత్తనాలు మూట కట్టుకుని బయలుదేరారట. గేటు దగ్గర నిలబడి "లోపలెవరండీ?" అని కేకేశారు. బడిలో పిల్లలు, కంది చేలో వాళ్ళు, వడ్రం పని చేసే ట్రినిడాడ్ మనిషి, అందరూ ఎక్కడివాళ్ళక్కడే "నేనూ నేనూ" అని అరిచారు. ఇక్కడి పద్ధతి అది. పాపం ఆ ఇద్దరూ దిక్కులు చూశారు.

ఎల్కానా నేర్పిన చాదస్తమిది. జడల వాళ్ళం అందరం అనే మాటే, కాని అతను మరీను. "నువ్వు" అనడు, "నాది" అనడు. తనకు ఆకలైనా నేనూ నేనూ, నాకు జ్వరమొచ్చినా నేనూ నేనూ. ఆ మధ్య సర్వే మనిషి వచ్చి ఈ కొండ మీద బడి, నీళ్ళ గొట్టం, తోట, ఇవన్నీ ఎవరివని అడిగాడు. "నేనూ నేనూ" అన్నాడు ఎల్కానా. "ఇద్దరి పేర్లూ చెప్పండి" అన్నాడతను కలం తీసి. ఆ రోజు లాసెల్స్ నవ్వలేక నేల మీద కూర్చున్నాడు.

జనవరి 22

మిర్లాండ్ కందులు ఒలుస్తూ చెప్పింది. వాళ్ళ భాషలో "మనం" అన్నా "మీరు" అన్నా ఒకటే మాటట. 'నూ' అంటారట. "అందుకే ఎల్కానా అన్న మాట నాకు మొదటి రోజే అర్థం అయింది అక్కా. ఇసకలో పడి ఉన్నా. వచ్చి నేనూ నేనూ ఇంటికి పోదాం అన్నాడు. ఇంగ్లీషు రాదు నాకు. కాని అది తెలిసింది."

మాంచియోనీల్ ఒడ్డున పడవ తిరగబడి, ఇద్దరు ఆడపిల్లల్ని చంకనేసుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చింది ఈమె. ప్రభుత్వం వెనక్కి పంపేస్తానంటే ఎల్కానా ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరగదీశాడు. మొత్తానికి నిలబెట్టాడు. ఐదేళ్ళలో వంటిల్లంతా ఆమె చేతికి వచ్చింది. లోయలో పిల్లలందరికీ మధ్యాహ్నం అన్నం ఆమే పెడుతుంది. ఎవరికి జ్వరమో, ఎవరికి కొత్త చెప్పులో ఆమెకే తెలుసు.

మనమూ మీరూ ఒకటే మాటైతే దెబ్బలాడుకునేటప్పుడు ఎలా తిట్టుకుంటారని అడిగాను. నవ్వింది. నేను నవ్వడానికి అడగలేదు.

ఫిబ్రవరి 6

ఎల్కానాకి కడుపులో నొప్పి. ఆస్పత్రికి రానంటాడు.

ఫిబ్రవరి 17

ఇది సరిగ్గా రాసుకోవాలి.

మధ్యాహ్నం అతని పక్కన కూర్చున్నాను. చావు మాట మేం నోట పలకం. అందుకని వీలునామాలూ రాయం, అప్పగింతలూ పెట్టుకోం. కాని ఎవరో ఒకరు అడగాలి కదా. చుట్టూ తిప్పి అడిగాను. "నువ్వు లేచి తిరిగేదాకా ఈ వాకిలిని ఎవరు చూసుకోవాలి అన్నా?"

నా చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. కళ్ళు తెరిచాడు. "నేనూ నేనూ" అన్నాడు.

ఒక నేను అతను. రెండో నేను ఎవరు? చెయ్యి ఎవరిది పట్టుకున్నాడు?

అప్పుడే మిర్లాండ్ గంజి పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అతను అటు చూసి నవ్వాడు. గంజి చూసి నవ్వి ఉంటాడు.

మార్చి 3

రేడియోలో పొద్దుటినుంచీ అతని పాటలే వేస్తున్నారు. కట్టేశాను.

లాసెల్స్ వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఒక్క వేళాకోళం లేదు. 

మార్చి 4

కంది చేలో కలుపు తీశాను.

మార్చి 6

అతని అక్క చర్చి మనిషి. వాళ్ళ ఊరు తీసుకువెళ్ళి వాళ్ళ పద్ధతిలో చేయించింది. మేం వెళ్ళలేదు. జడల వాళ్ళం శవం వెంట వెళ్ళం. తోటలో పని చేసుకున్నాం. మిర్లాండ్ వాళ్ళకి మా నియమం లేదు, అందుకని వెళ్ళింది. వెళ్ళి ఏడ్చి వచ్చింది. నాకు కూడా వెళ్ళాలనిపించింది.

మార్చి 12

బడిగదిలో అందరం కూర్చున్నాం. క్వబెనా మాస్టారు మొదలుపెట్టారు. ఎల్కానా ఎప్పుడో పాడడానికి ఘానా వెళ్ళి, ఈయన వాళ్ళ ఊళ్ళో ఒక బావి తవ్వించాడు. ఆ బావిని చూసే ఈయన సముద్రం దాటి ఇక్కడ పాఠాలు చెప్పడానికి వచ్చారు. "ఇకమీదట ఎవరు చూసుకోవాలి అనేది మాట్లాడుకుందాం" అన్నారు.

మాట్లాడుకునేదేమీ లేదన్నాను. అతను నాకు చెప్పాడు అన్నాను.

"నీకు చెప్పాడా? ఏమని?" అన్నాడు లాసెల్స్.

"నీకే అప్పజెబుతున్నా అన్నాడు."

అవే మాటలు కావు. ఇంచుమించు అదే అర్థం.

మిర్లాండ్ నా వంక చూసింది. తర్వాత అన్నం అడుగంటుతుందని లేచి వెళ్ళింది.

మార్చి 30

గేటు దగ్గర కేక వినబడితే "అయోనీని" అన్నాను. పేరు చెబితే తప్పేముంది? వచ్చినవాళ్ళకీ ఎవరితో మాట్లాడాలో తెలుస్తుంది. నలభై ఏళ్ళు ఒక మనిషి వెనక నిలబడ్డాను. పోస్టర్ల మీద కూడా మేం ఇద్దరం మసగ్గానే ఉంటాం.

ఏప్రిల్ 14

వంటింటికి తాళం వేశాను. తాళం చెవి నా దగ్గరే ఉంది. మిర్లాండ్ పొద్దున వచ్చి అడిగి తీసుకుంటుంది, సాయంత్రం తెచ్చి ఇస్తుంది. ఒక పద్ధతి ఉండాలి. ఎల్కానాకి పద్ధతి లేదు, పాట తప్ప.

ఇది ఈర్ష్య కాదు.

ఏప్రిల్ 28

అన్నానికి వచ్చే పిల్లలు పేరూ ఇంటిపేరూ చెప్పాలని పెట్టాను. వచ్చేవాళ్ళలో సగం మంది మన బడి పిల్లలే కారు. మిర్లాండ్ "ఎల్కానా అన్న ఎప్పుడూ అడగలేదు" అంది. నేను అడుగుతున్నా కదా అన్నాను.

మే 16

నది అవతలి పిల్లాడొకడికి పేరు అడక్కుండా పెట్టింది. మిర్లాండ్‌ని పిలిచి నాలుగు మాటలు అన్నాను. పెద్దదాన్ని. అనే హక్కుంది.

ఆమె పిల్లలు అక్కడే ఉన్నారు. పంపించేసి అనాల్సింది.

మే 17

నాలుగు మాటలే.

మే 19

మిర్లాండ్ వెళ్ళిపోయింది. పిల్లల్ని తీసుకుని పొద్దుటి బస్సుకి పోర్ట్ ఆంటోనియో వెళ్ళిందట. గిన్నెలన్నీ తోమి బోర్లించింది. తాళం చెవి గుమ్మం మీద పెట్టింది, నన్ను లేపలేదు.

కోపం తగ్గాక తనే వస్తుంది. ఎక్కడికి పోతుంది?

జూన్ 5

అన్నం మాడింది. ఇంత పెద్ద గిన్నెలో ఎప్పుడూ వండలేదు నేను. కొబ్బరిపాలు విరిగిపోయాయి. పిల్లలు తిన్నారు, పాపం. ఒక ఆడపిల్ల "మిర్లాండ్ అత్త ఎప్పుడొస్తది?" అంది. వచ్చే వారం అన్నాను.

జూన్ 20

రాలేదు.

వచ్చే పిల్లలు తగ్గారు. సీమపనస కాయలు కోసేవాళ్ళు లేక రాలి కుళ్ళిపోతున్నాయి. డొమినికా ఆడవాళ్ళిద్దరూ వాళ్ళ ఊరి పండక్కని వెళ్ళారు. విత్తనాల మూట తీసుకునే వెళ్ళారు.

జులై 8

క్వబెనా మాస్టారు సెలవులకి ఘానా వెళుతున్నారు. మళ్ళీ ఎప్పుడు అంటే చూద్దాం అమ్మా అన్నారు. ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే మనిషి. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు.

"పిల్లలు ఎందుకు రావట్లేదో తెలుసా అమ్మా మీకు?"

"వంట బాగోలేదు. తెలుసు."

"వంటేం కాదు. మాడింది కూడా తింటారు వాళ్ళు. ఆకలైనప్పుడు పేరు చెప్పుకుని తినాలంటే సిగ్గు వాళ్ళకి. మా ఊళ్ళో ఆయన తవ్వించిన బావి ఉంది చూడండి, కడవ తెచ్చినోళ్ళని ఎవరు నువ్వని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే ఆ బావి ఎండిపోయినట్టే లెక్క."

బావికి పద్ధతులతో పనేముంది, వంటింటికి ఉంది అన్నాను. ఆయన సరేనమ్మా అని సంచీ తీసుకున్నారు. ఆయన వెళ్ళాక తలుపేసుకుని ఏడ్చాను. ఎందుకేడ్చానో రాయను.

జులై 25

బానిసత్వం రద్దైన విమోచన దినం పాటలకి అన్నీ సిద్ధం. ఆగస్టు ఒకటిన ఏటా వాకిట్లో పాడతాం, ఈ ఏడు ఆపకూడదు. రేడియో వాళ్ళు వస్తారట, పట్నం నుంచి పెద్దవాళ్ళు వస్తారట. కుర్చీలు తెప్పించాను. ముందు నిలబడి నేనే పాడతాను. లాసెల్స్ ఒక్కడే వంత.

"అరవై దాటాక హీరోయిన్ వేషమా?" అన్నాడు. తర్వాత "పాడవే. నువ్వు కాక ఎవరు పాడతారు" అన్నాడు.

ఆగస్టు 1

రాయాలి. రాయకపోతే రేపటికి వేరేలా చెప్పుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

నా గొంతు బాగానే పలికింది. మొదటి రెండు పాటలకీ చప్పట్లు కొట్టారు. మూడోది వాకిలి పాట, అందరూ ఎదురుచూసేది. అందులో "ఎవరు నాటారు, ఎవరు తిన్నారు" అనే చరణం అయ్యాక "నేనూ నేనూ" వస్తుంది. అక్కడికి రాగానే నేను మైకు నుంచి ఒక అడుగు వెనక్కి వేసి, మైకుని జనం వైపు చాచాను. అలా చెయ్యాలని ఆలోచించలేదు. ముందు నిలబడి పాడేవాడు ఎప్పుడూ అలాగే చేశాడు, నా చెయ్యి అదే చేసింది.

ఎవరూ పాడలేదు.

కుర్చీల్లో ఉన్నవాళ్ళకి తెలియదు. తెలిసినవాళ్ళు ఎక్కడున్నారు? ఆ వరసలో ముందు పిల్లలుండేవాళ్ళు, నేల మీద. వాళ్ళ వెనక గరిటె చేత్తోనే వచ్చి నిలబడే మిర్లాండ్ ఉండేది. డప్పు దగ్గర మాస్టారుండేవారు. లాసెల్స్ ఒక్కడే నా వెనకనుంచి బొంగురు గొంతుతో "నేనూ నేనూ" అన్నాడు. ఎవరో నవ్వారు. అది పాట మధ్య తమాషా అనుకున్నారు.

నలభై ఏళ్ళలో ఎల్కానా ఆ మాట ఒక్కసారి కూడా తను పాడలేదు. ప్రతిసారీ వెనక్కి తగ్గాడు. అది నేను పక్కనే నిలబడి నలభై ఏళ్ళు చూశాను. చూసి, అతనికి అక్కడ ఊపిరి అందదేమో అనుకున్నాను.

కుర్చీలు సర్దేటప్పుడు లాసెల్స్ అడిగాడు. "ఆ రోజు ఆయన నిజంగా నీతో ఏమన్నాడే?"

చెప్పాను. నేనూ నేనూ అన్నాడని.

"అంతేనా?"

"అంతే."

నాలుక చప్పరించాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. కుర్చీ మడిచి, దాని మీదే చెయ్యి ఆనించి నిలబడ్డాడు. "ఒసే పిచ్చిదానా" అన్నాడు. "ఇన్నేళ్ళు పాడావు. ఒక్కసారన్నా వినలేదటే పాటని?"

ఆగస్టు 2

మే పదహారున నేనన్న నాలుగు మాటలు ఇవి. "పడవలో కొట్టుకొచ్చినదానివి. ఇది నీ వాకిలి కాదు."

లెక్కపెడితే ఆరయ్యాయి. నాలుగు కాదు.

ఆగస్టు 4

బస్సెక్కి పోర్ట్ ఆంటోనియో వెళ్ళాను. మార్కెట్ వెనక రేకుల కొట్లో వంట చేస్తోంది. నన్ను చూసి చెయ్యి తుడుచుకుని స్టూలు వేసింది. ఏమన్నా తింటావా అక్కా అంది. తినడానికి రాలేదన్నాను. అయినా గిన్నెలో అన్నం పెట్టింది. కందులు, కొబ్బరిపాలు, ఉప్పు లేకుండా. కొట్టుకి వచ్చే వాళ్ళకి ఉప్పు వేస్తుందిట. నాకోసం విడిగా తీసిందో, తన కోసం రోజూ అలాగే తీసి పెట్టుకుంటుందో అడగలేదు.

"ఆ రోజు గుమ్మంలో ఉన్నావు. ఆయనన్నది విన్నావు" అన్నాను.

"విన్నా."

"మీటింగులో నేను అబద్ధం చెప్పానని తెలుసు నీకు. అందరి ముందూ ఎందుకు చెప్పలేదే?"

గరిటె పక్కన పెట్టింది. "నాకు 'నూ' అని వినపడింది అక్కా. అందులో నువ్వు కూడా ఉన్నావు గదా. లేవని ఎట్లా చెప్తా?"

నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను. తప్పు చేశాను, వచ్చెయ్యి అన్నాను. వంటిల్లు నీదే అన్నాను. అంటూనే తెలిసింది, మళ్ళీ నీదీ నాదీ అంటున్నానని. 

"కోపం లేదు అక్కా" అంది. "పెద్దదానికి ఇక్కడ బడి కుదిరింది. చిన్నది... ముందు ఎవరు అడిగినా పడవలో వచ్చాం, ఎల్కానా మామ తెచ్చాడు అని గొప్పగా చెప్పేది. ఇప్పుడు చెప్పట్లేదు. ఎక్కడి నుంచి వచ్చారు అంటే కింగ్‌స్టన్ అంటుంది. మళ్ళీ అక్కడికి తీసుకుపోతే ఏం చెప్పాలి దానికి?"

చిన్నది కొట్టు వెనక నుంచి తొంగి చూసింది. పిలిచాను. వాళ్ళమ్మ వెనక్కి వెళ్ళి దాక్కుంది. నా ఒళ్ళో కూర్చుని జడలు లెక్కపెట్టిన పిల్ల అది.

బస్సు దాకా వచ్చి సాగనంపింది. కిటికీలోంచి చెయ్యి పట్టుకున్నాను. ఎంత పట్టుకున్నా చెప్పాల్సింది అందులో సరిపోలేదు.

ఆగస్టు 10

తాళం తీసేశాను. దాన్ని నదిలో వేద్దామని వెళ్ళి, నాటకంలా ఉంటుందనిపించి వెనక్కి తెచ్చాను. బల్ల సొరుగులో ఉంది.

వండాను. మాడలేదు. లాసెల్స్ వచ్చి తిన్నాడు. పిల్లలు ఇద్దరు వచ్చారు. పేరు అడగలేదు. వాళ్ళే చెప్పేశారు, అలవాటై.

ఆగస్టు 13

మాస్టారి దగ్గర నుంచి ఫోను. వాళ్ళ ఊళ్ళోనే బడి చెబుతారట. క్షేమంగా ఉండమన్నారు. బావిలో నీళ్ళున్నాయా అని అడిగాను. ఉన్నాయమ్మా, ఎప్పటిలాగే అన్నారు.

ఆగస్టు 16

మధ్యాహ్నం గేటు దగ్గర బస్సు ఆగింది. కండక్టరు కొత్త కుర్రాడు, ఈ దారి ఎరగడు. గుమ్మడికాయ ఒకటి రెండు చేతులా ఎత్తుకుని దిగాడు. దాని మీద తడి గుడ్డ చుట్టి ఉంది, ఎండకి వాడిపోకుండా. పోర్ట్ ఆంటోనియో మార్కెట్లో ఎవరో హైతీ ఆమె ఎక్కించింది, ఈ వాకిట్లో ఇమ్మంది అని బస్సు వాళ్ళతో అంటూనే గేటు తన్నాడు.

"లోపలెవరండీ?" అని అరిచాడు.

కంది చేను వైపు చూశాను. బడిగది వైపు చూశాను. నోరు తెరిచాను. నిజంగా ఆ మాటే అందామనుకున్నాను.

"నేనే" అన్నాను.

అతను లోపలికి వచ్చి, ఇంత పెద్ద ఆవరణా, ఖాళీ బెంచీలూ, బోర్లించిన గిన్నెలూ చూసి, కాయని వంటింటి బల్ల మీద దింపాడు. చేతులు దులుపుకున్నాడు.

"ఒక్కదానివేనా అవ్వా? ఒక్కదానికి ఇంత కాయ ఎందుకు పంపిందో ఆమె" అన్నాడు.

బస్సు హారన్ కొట్టింది, వెళ్ళిపోయాడు. కాయ ఇంకా కొయ్యలేదు.